పదో చేను

ట్యూబును బోదెనీళ్లలో ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుకుంటూ సంజీవరావు ఒక చుట్టు తిప్పాడు. బుడగ రాలేదు. రెండో చుట్టూ తిప్పాడు. జనవరి చివరి వారం. నీళ్లు వేళ్లను కొరుకుతున్నాయి. మంచులో పది బారల అవతల ఉన్న తుమ్మచెట్టు కూడా కనబడడం లేదు. మూడో చుట్టులో, వాల్వుకు జానెడు దూరాన, ఆవగింజంత బుడగలు రెండు పైకొచ్చి పగిలాయి. వాటి వెనకే ఇంకో రెండు వచ్చాయి.

చెవి మీది పెన్సిలు తీసి ఆ చోట గుర్తు పెట్టుకున్నాడు. తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ గొట్టాన్ని అడుగు నుంచీ మడుచుకుంటూ వచ్చి చివరి చుక్క పిండాడు. ప్యాచి అతికించి, గుప్పిట్లో బిగించి పట్టుకుని, గట్టు మీద గొంతుక్కూర్చుని మనసులో వంద లెక్కపెట్టాడు. ఎనభై దగ్గరికి వచ్చేసరికి మంచులో ఎక్కడో ఏట్రింత పిట్ట కూసింది. అరవై, డెబ్భై అడుగుల దూరం ఉంటుందనుకున్నాడు. ఏ కర్ర మీద కూర్చుందో చూడాలని మెడ అదే సాగింది. మెడను వెనక్కి తెచ్చుకున్నాడు. ఇవాళ ఆగడానికి లేదు.

రెండు చెంచా కాడలతో టైరును రిమ్ములోకి తోసి, పంపు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పంపుకు వాషరు అరిగిపోయి మూడేళ్లయింది. నాలుగు దెబ్బలు కొడితే ఒక దెబ్బ గాలి లోపలికి పోతుంది, మిగిలింది చేతి మీదికి వస్తుంది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా పీకింది. పాపం, భార్య జయకుమారి రోజూ పొద్దున్నే చెబుతూనే ఉంటుంది, ఆ సైకిలు మీరు తొక్కడం లేదండీ, అదే మిమ్మల్ని తొక్కుతోందీ అని. మిషన్ హాస్టల్లో ఎనభై మంది పిల్లలకు వండే మనిషి. ఆమె మాట పదునుగా ఉంటుంది గానీ అబద్ధం ఉండదు.

యాభై ఆరేళ్ల మనిషి సంజీవరావు. వెదురు గడలా పొడుగ్గా, సన్నగా ఉంటాడు. చలికాలమంతా మంకీ టోపీ, దాని కింద దారంతో చెవులకు కట్టుకున్న కళ్లద్దాలు. కుడి కాలి ప్యాంటు గొలుసులో పడకుండా బట్టల క్లిప్పు. భుజాన సంచిలో యూరియా బస్తా కాగితంలో చుట్టిన రిజిస్టరు, ఆఫీసు వాళ్లిచ్చిన బైనాక్యులర్సు. దానికి ఒక గొట్టంలో బూజు పట్టి, ఇంకో గొట్టంలోంచే కనిపిస్తుంది. అతను ఒక కన్ను మూసుకుని చూడడానికి ఎంతగా అలవాటు పడ్డాడంటే, బైనాక్యులర్సు లేకుండా పిట్టను చూసినా ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది.

అతని పని పిట్టల్ని లెక్కపెట్టడం. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పడానికి మొదట్లో సిగ్గుపడేవాడు. తొంభై ఏడులో పచ్చపురుగు పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి అంతా ఊడ్చుకుపోయింది. పదిహేను, ఇరవై సార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. ఆ మరుసటి ఏడు పరిశోధన కేంద్రం వాళ్లు ఒక పథకం పెట్టారు. చేలో ఎకరానికి పది చొప్పున, పైన అడ్డకర్ర కట్టిన గుంజలు పాతాలి. వాటి మీద పిట్టలు వాలి పురుగును ఏరుకు తింటాయి. పక్షి స్థావరాలు అన్నారు వాటిని. రైతులు పిట్టకర్రలు అన్నారు. పెదనందిపాడు నుంచి పర్చూరు అవతలి దాకా పది చేలు ఎంచుకున్నారు. ఏ కర్ర మీద ఏ పిట్ట ఎంతసేపు కూర్చుందో, ఎన్నిసార్లు కిందికి దిగిందో, పొద్దుపొడిచిన గంటన్నరలోపు చూసి రాయాలి. రోజుకు రెండు చేలు, వారానికి పది. ఆ పని చేసే ఫీల్డుమన్ సంజీవరావు. ఆరు పంటకాలాలు రాశాడు. ఏడాదికొక రిజిస్టరు.

అంతకుముందు పదేళ్లు ఆ కేంద్రం పొలాల్లోనే వీపున పంపు తగిలించుకుని మందు కొట్టాడు. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే డాక్టరు ఇక మందు ముట్టవద్దన్నాడు. మానేస్తే తినేదేమిటని ఆఫీసు గుమ్మంలో నిలబడితే, పిట్టలు తెలుసా అని అడిగారు. తెలుసన్నాడు. ఎట్లా తెలుసో చెప్పలేదు. ఎనిమిదేళ్ల వయసు నుంచీ పరాయి జొన్నచేలలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పాడు. చిలకలు ఏ వైపు నుంచి దిగుతాయి, పిచ్చుకల గుంపు ఎప్పుడు లేస్తుంది, గోరింకలు ఒకసారి బెదిరిస్తే ఎంతసేపటికి తిరిగొస్తాయి — ఇవన్నీ అతనికి దెబ్బలతో వచ్చిన చదువు. ఒక్క కంకి పోయినా ఆసామి చేతి వాత తన వీపు మీద ఉండేది. పిట్టల్ని తరిమిన చేతితోనే వాటిని లెక్కపెట్టడం తమాషాగా ఉందని జయకుమారితో ఒకసారి అన్నాడు. ఆమె నవ్వి, దేవుడు ఎవరి లెక్క ఎక్కడ సరిచేస్తాడో అంది.

ఇవాళ్టి సంగతి వేరు. పథకం ఉండాలా పోవాలా అని తేల్చడానికి ఆఫీసర్లు జీపులో వస్తున్నారు. పది చేలూ తిరిగే తీరిక వాళ్లకు లేదు. ఒక్క పదో చేను చూస్తామన్నారు. అది కోటిరత్నం చేను. పర్చూరు దాటి, వాగు దాటి, ఇంకో రెండు మైళ్లు డొంకలో పోవాలి. ఎనిమిదింటికి జీపు వస్తుంది. ఏడున్నరకల్లా సంజీవరావు అక్కడ ఉండి, వాళ్ల కళ్ల ముందు లెక్క తీసి చూపించాలి. మొదటి బస్సు ఏడింటికి గానీ లేదు, అది పర్చూరు చేరేసరికి ఎనిమిదిన్నర. అందుకని అయిదింటికే సైకిలెక్కాడు. ఎనిమిది మైళ్లు రాకముందే ఈ పంచరు.

చక్రం బొటనవేలితో నొక్కి చూసుకుని బయల్దేరాడు. మంచు విడుతోంది. రోడ్డుకు రెండు వైపులా మిరప ఎర్రబారి ఉంది. కరెంటు తీగ మీద పాలపిట్ట ఒకటి రెక్కలు విదిల్చింది. చూడనట్టు పోయాడు. రెండు మైళ్లు బాగానే నడిచింది. తర్వాత హ్యాండిల్ బరువెక్కింది. వెనక చక్రం కింద కంకర ఒక్కొక్కటీ తెలియడం మొదలైంది. దిగకుండానే అర్థమైంది. అయినా ఇంకో నలభై గజాలు తొక్కాడు, తొక్కితే గాలి తిరిగి వస్తుందేమోనన్నట్టు.

ప్యాచీలు రెండు ఉన్నాయి గానీ సొల్యూషన్ లేదు. గొట్టాన్ని నేలమీద పెట్టి చెప్పుతో తొక్కి చూశాడు. ఏమీ రాలేదు. అడ్డరోడ్డు దగ్గర పంచర్ల కొట్టు ఇంకా మూడు మైళ్లు. సైకిలు నడిపించుకుంటూ పోయాడు. ఏడయింది. ఏడున్నరయింది. సూర్యుడు పత్తి చేల మీదికి వచ్చాడు. ఏట్రింతలు, పసిరికలు, గోరింకలు కర్రల మీదికి చేరే వేళ అది. దారి పొడుగునా చేలలో అవి ఎగురుతూ, దిగుతూ, మళ్లీ ఎక్కుతూ కనిపించాయి. ఏ ఆఫీసరైనా ఇప్పుడు, ఇక్కడ, ఈ రోడ్డు మీద ఒక్క పావుగంట నిలబడితే చాలు. ఎవరూ లేరు. తను ఒక్కడే చూస్తున్నాడు. తను చూసింది ఆరేళ్లుగా చూస్తూనే ఉన్నాడు.

కొట్టు నడిపేది ఖుర్షిదా. భర్త పీరు మిరప లారీల మీద పోయి వారానికోసారి వస్తాడు. ఆమె చీర కొంగు నడుముకు దోపి, ఇనప తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంటే మగవాళ్లు ఎవరూ నోరెత్తరు. ఎనిమిదింటికి అప్పుడే తలుపు తీస్తోంది. ట్యూబు లాగి, నీళ్లలో పెట్టి, పొద్దున వేసిన ప్యాచి చూసింది. అది గట్టిగానే ఉంది. దాని పక్కనే, వేలెడు దూరంలో, కొత్త బొక్క. ఆమె ట్యూబు పక్కన పెట్టి, టైరులోపల అరచెయ్యి పెట్టి నెమ్మదిగా చుట్టూ రాసింది. ఒకచోట ఆగింది. పట్టకారుతో పట్టి లాగితే అరంగుళం సర్కారు తుమ్మ ముల్లు మొన బయటికి వచ్చింది.

"ముల్లు లోపలే పెట్టుకుని ట్యూబుకు ఎన్ని ప్యాచీలేస్తే ఏం లాభం అన్నా," అంది.

సంజీవరావు ఆ ముల్లును అరచేతిలోకి తీసుకున్నాడు. నలభై ఏళ్లుగా పంచర్లు వేసుకుంటున్న మనిషి. టైరు లోపల తడిమి చూడాలని పిల్లలకు కూడా తెలుసు. చీకట్లో, చలిలో, తొందరలో మరిచిపోయాడు. తన మీద తనకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. ముల్లును విసిరేయబోయి, రోడ్డు మీద పడితే ఇంకొకరికి గుచ్చుకుంటుందని చూరులో గుచ్చాడు.

ఖుర్షిదా ఒక సొల్యూషన్ గొట్టం చేతిలో పెట్టి, టైరు నున్నగా అయిపోయింది, వాగు అవతల పల్లేరు ఎక్కువ, డొంకలో ఎక్కొద్దు నడిపించుకుపో అంది. అతను విన్నాడు. వినీ వాగు దాటాక ఎక్కాడు. తొమ్మిది దాటిపోయింది మరి. జీపు వాళ్లకు ఎనిమిదంటే తొమ్మిదో పదో, ఇంకా ఆశ ఉంది. డొంకలో పావు మైలు పోకముందే రెండు చక్రాలూ ఒక్కసారే బుస్సుమన్నాయి. వంగి చూస్తే టైర్ల నిండా పల్లేరుకాయలు, మట్టి గోడకు పిడకలు కొట్టినట్టు అంటుకుని ఉన్నాయి. ముందు చక్రంలో ఏడు లెక్కపెట్టాడు. వెనక చక్రం లెక్కపెట్టలేదు.

మిగిలిన దారి నడిచాడు. మంకీ టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాడు. చెమట కళ్లద్దాల్లోకి జారింది. ఎడమ చెయ్యి మొద్దుబారితే సైకిలును కుడి పక్కకు మార్చుకున్నాడు. పదకొండు కావస్తుండగా ఎదురుగా దుమ్ము లేచింది. జీపు. డొంకలో పక్కకు తప్పుకోవడానికి చోటు లేక, సైకిలును గట్టు మీదికి ఎత్తి పట్టుకున్నాడు. జీపు ఆగింది. ముందు సీట్లో చైతన్యకృష్ణ కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్లు లేని కుర్ర సైంటిస్టు, పథకం ఇన్‌ఛార్జి. మంచివాడే. సంజీవరావును ఎప్పుడూ ఏకవచనంతో పిలవలేదు.

"మీకోసం అరగంట చూశామండీ," అన్నాడు.

సంజీవరావు చక్రాల వైపు చూపించాడు. ఆ కుర్రాడు చూసి, అయ్యో అన్నాడు. వెనక సీట్లో ఉన్న పెద్దాఫీసరు వాచీ చూసుకున్నాడు. ఎప్పుడొచ్చారని సంజీవరావు అడిగాడు. పదింటికి అన్నాడు చైతన్యకృష్ణ. ఎన్ని పిట్టలు చూశారని అడిగాడు. ఆ కుర్రాడు ఒడిలోని కాగితం వైపు చూసి, చూడనట్టు, ఒక కాకి అన్నాడు.

"సార్, పదింటికి పిట్టలు కూర్చోవండి. ఎండెక్కితే చెట్లల్లోకి పోతాయి. ఏడింటికి చూడాలి. ఆరేళ్ల లెక్క నా దగ్గర ఉందండి."

సంచిలోంచి రిజిస్టరు తీయబోయాడు. సైకిలు జారింది. దాన్ని పట్టుకునేసరికి సంచి తిరగబడింది. చైతన్యకృష్ణ కిటికీలోంచి చెయ్యి చాపి అతని భుజం మీద వేశాడు.

"నేను చూసిందే కదా రాయగలను సంజీవరావు గారూ. అయినా ఇది మీ ఆలస్యం వల్ల కాదు లెండి. బీటీ విత్తనం వచ్చేసింది. పురుగే లేనప్పుడు పిట్టలతో పనేముంది? ఈ నెల ముప్ఫై ఒకటితో ఆపేయమని పైనుంచే ఉంది. రేపు ఆ రిజిస్టర్లన్నీ గుంటూరు తెచ్చి ఆఫీసులో ఇచ్చేయండి."

జీపు కదిలింది. దుమ్ము పళ్ల మధ్యకు వచ్చింది. సంజీవరావు తిరగబడిన సంచి సర్దుకున్నాడు. ఒక కాకి. అదీ పిట్టే, తప్పేమీ లేదు. తన రిజిస్టరులో కూడా కాకికి ఒక గడి ఉంది.

కోటిరత్నం గట్టు మీద నిలబడి అతని కోసమే చూస్తోంది. నలభై అయిదేళ్లుంటాయి. మొగుడు పోయిన దగ్గర్నుంచీ నాలుగెకరాలూ తనే చేస్తోంది; రెండున్నర పత్తి, మిగిలింది మిరప. పది చేల రైతుల్లో మిగతా తొమ్మిది మందీ ఒకటి రెండేళ్లు చూసి, కర్రలు పీకి పొయ్యిలో పెట్టుకుంటే, ఆఫీసు కూలీలు మళ్లీ పాతేవారు. ఈమె ఒక్కతే తన చేత్తో ఏటా కొత్తగా పాతింది. పధ్నాలుగు సార్లు కొట్టే మందు నాలుగుకు దించింది. ఊళ్లో వాళ్లు పిట్టల రత్నమ్మ అని పేరు పెడితే, పెట్టనీ అంది. ఇవాళ ఆమె మొహం ఎర్రగా ఉంది.

"ఎక్కడ చచ్చావు అన్నా? పొద్దున ఎన్నున్నాయో తెలుసా? ఒక్క ఏట్రింతలే పదమూడు. చెబితే రాసుకోలా. మేం చూడాలమ్మా అన్నారు. చూడటానికి పదింటికి వచ్చారు."

ఒక్కరోజైనా అతను ఆలస్యం కాలేదని, ఇవాళే కావాలా అని ఆమె అంటూనే ఉంది. ఆమె కోపం న్యాయమే. అందుకే భరించడం కష్టమైంది. తర్వాత ఆమె గొంతు తగ్గింది. వచ్చే ఏడు తనూ బీటీయే వేస్తానంది. అల్లుడు ఇప్పటికే సంచీలు మాట్లాడాడట. చుట్టూ అందరూ అదే వేస్తుంటే తను ఒక్కతే పాత విత్తనం పెడితే, ఊరి పురుగంతా తన చేలోనే పడదా అంది.

సంజీవరావు సైకిలు గట్టు మీద పడేసి చేలోకి దిగాడు. దగ్గరి కర్రను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. నల్లరేగడి ఎండి బిగిసి ఉంది. ఇంకా ఊపాడు. ఊడివచ్చింది. అవతలికి విసిరి రెండో కర్ర దగ్గరికి పోయాడు. అదీ పీకాడు. అడ్డకర్ర మేకు అరచేతిని గీరితే నెత్తురొచ్చింది. మూడోదాని మీద చెయ్యి వేశాడు. ఊపిరి గట్టిగా వస్తోంది. ఆరేళ్లలో ఆమె అతన్ని అట్లా చూడలేదు.

"అది నా చేలో కర్ర అన్నా," అంది కోటిరత్నం. గట్టిగా అనలేదు.

అతని చెయ్యి ఆగింది. కాసేపటికి వంగి, పీకిన కర్రల్ని తెచ్చి, వాటి గుంటల్లోనే నిలబెట్టి, మడమతో మన్ను తొక్కాడు. తప్పయిందండి అన్నాడు. ఆమె మోటారు షెడ్డు దగ్గర తొట్లో చెయ్యి కడుక్కోమని, తన అన్నం గిన్నెలోంచి సగం తీసి పెట్టింది. గోంగూర, ఉల్లిపాయ. ఇద్దరూ తిన్నారు.

తిన్నాక ట్యూబులు విప్పాడు. ముందుదానికి ఏడు, వెనకదానికి పన్నెండు బొక్కలు. ప్యాచీలు రెండు. నవ్వొచ్చింది అతనికి, ఆ రోజు మొదటిసారి. పర్చూరు పోతున్న ట్రాక్టరు వాణ్ణి కేకేసి, వచ్చేటప్పుడు రెండు ట్యూబులు తెమ్మని కోటిరత్నం పురమాయించింది. అతను సాయంత్రం దాకా రాడు. చేసేది లేక సంజీవరావు ఆమెతోపాటు పత్తి తీశాడు. నడుం వంగితే ఎడమ రొమ్ము పట్టేసినట్టుంది. పంపు కొట్టీ కొట్టీ అనుకున్నాడు. అది చూసి ఆమె ఇక చాలు కూర్చోమని, మిరపకాయలు కోసే వెదురు గంప ఒకటి పడమటి గట్టు మీద బోర్లించి ఇచ్చింది.

పడమటి గట్టుకు అవతల బీడు ఉంది. కోర్టులో ఉన్న భూమి. పన్నెండేళ్లుగా నాగలి పడలేదు. నడుమెత్తు బోదగడ్డి ఎండి పసుపు రంగుకు తిరిగింది. సంజీవరావు ఆరేళ్లుగా దాన్ని చూస్తున్నాడు, అంటే దానికి వీపు పెట్టి చేనును చూస్తున్నాడు. ఇప్పుడు గంప మీద కూర్చుంటే చేను వెనక పడి, బీడు ఎదురైంది.

అయిదు దాటింది. ఎండ పల్చబడింది. మొదట ఒకటి వచ్చింది. గద్ద. మిగతా గద్దల్లా ఎత్తున తిరగడం లేదు. గడ్డి మీద మూరెడెత్తున, రెక్కలు పైకెత్తి పట్టుకుని, గాలి మోసుకొస్తున్నట్టు తేలుతోంది. పిల్లిగద్ద. అప్పుడప్పుడు చేలమీద పోతుంటే ఒకటీ అరా చూశాడు. చలికాలానికి ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల నుంచి వస్తుందని ఆఫీసు పుస్తకంలో ఉంది. అది కర్ర మీద కూర్చోదు గనక అతని రిజిస్టరులో దానికి గడి లేదు. చూస్తుండగానే ఇంకొకటి వచ్చింది. తర్వాత మూడు. దక్షిణం నుంచి ఒక వరస. బూడిద రంగు మగవి, గోధుమ రంగు ఆడవి. పిట్ట వెనక పిట్ట, చప్పుడు లేకుండా. బీడు మీద ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపి, గడ్డిలోకి జారిపోతున్నాయి. దిగినవి కనబడడం లేదు. వచ్చేవి వస్తూనే ఉన్నాయి.

అతని ఎడమ కన్ను మూసుకుపోయింది. చెయ్యి తనంతట తానే రిజిస్టరు తెరిచింది. అయిదులు అయిదులుగా గీతలు పెట్టాడు. నూరు దాటింది. నూట యాభై. సూర్యుడు తాటిచెట్ల వెనక్కి దిగేసరికి రెండు వందల పదకొండు. గడులన్నీ వదిలేసి, కాగితం అంచున, నిలువుగా ఆ అంకె వేశాడు. పక్కన తేదీ, వేళ, గాలి ఎటునుంచి ఉందో రాశాడు. ఇటువంటిది చూశానని ఆ పుస్తకం రాసినవాళ్లు కూడా చెప్పలేదు.

కోటిరత్నం పత్తి మూట నెత్తిన పెట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. చూశారా అని అతను గుసగుసగా అడిగాడు.

"రోజూ వస్తాయిగా అన్నా. సంక్రాంతి ముందు మొదలై, మిరప కోతలయ్యేదాకా."

"రోజూనా?"

"ఆరేళ్ల నుంచి నేను చూస్తూనే ఉన్నా. నువ్వు తెల్లారి వచ్చి ఎండెక్కేలోపు పోయే మనిషివి. నన్నెప్పుడైనా అడిగావా?"

అతను ఆమె వైపు తిరిగాడు. అడగలేదు. ఎంత మందు కొట్టారు, ఎన్నిసార్లు కొట్టారు అని ఆఫీసు ఇచ్చిన ప్రశ్నలే అడిగాడు. పిట్టల గురించి ఆమెను అడగాలని అతనికి తట్టలేదు. పొద్దున జీపులో కుర్రాడు తనతో అన్నదీ, ఇప్పుడు ఈమె అన్నదీ లోపల ఒకదానికొకటి తగిలి, ఎక్కడో నొప్పి పుట్టింది. పొద్దున వాళ్లు తన లెక్క చూడలేదు; ఆరేళ్లుగా తను ఆమె చూసింది అడగలేదు. ఏడాదికి అరవై డెబ్భై సాయంకాలాలు, అట్లా ఆరేళ్లు. ఆ లెక్క వేయబోయి మానుకున్నాడు.

ట్రాక్టరు వచ్చింది. కొత్త ట్యూబులు వేసుకుని, డొంక దాటేదాకా నడిపించుకుపోవడానికి లేచాడు. రేపు గుంటూరు పోయి రిజిస్టర్లు ఇచ్చేయాలన్నాడు. ఎల్లుండి నుంచి ముప్ఫై ఒకటి దాకా రోజూ సాయంత్రం వస్తానన్నాడు. ఎవరూ అడగరు, జీతం లెక్కలోకి రాదు, అయినా వస్తాను, ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఏ వేళకు మొదలవుతున్నాయో మీరు చూసినవన్నీ చెప్పాలండి, రాసుకుంటాను అన్నాడు. ఆ గంప అక్కడే ఉంచమన్నాడు. కోటిరత్నం సరేలే అంది. ఆ రాత్రి ఇంటిదాకా ఒక్క పంచరూ పడలేదు. అన్నం తింటూ సంజీవరావు జయకుమారికి పిల్లిగద్దల సంగతి రెండుసార్లు చెప్పాడు. రెండోసారి ఆమె ఆపలేదు.

మర్నాడు పాత రిజిస్టర్లు అయిదూ, కొత్తది ఒకటీ తువ్వాల్లో మూటకట్టుకుని బస్సులో గుంటూరు వెళ్లాడు. ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. తీసుకునే గుమస్తా భోజనానికి వెళ్లాడు. రెండున్నరకు వచ్చి, సంజీవరావు గారూ అని లోపల్నుంచి పిలిచాడు. కాసేపాగి మళ్లీ పిలిచాడు. మూడోసారి విసుగ్గా లేచి వచ్చి చూస్తే, అతను గోడకు తల ఆనించి ఉన్నాడు, ఒళ్లో మూట మీద చేతులు వేసుకుని. ఎడమ కన్ను మూసి ఉంది. కుడి కన్ను కొద్దిగా తెరిచి ఉంది. నిద్రపోయాడనుకుని గుమస్తా భుజం తట్టాడు. గురువారం పొద్దున పెదనందిపాడు సమాధుల దొడ్లో పాట పాడి, మట్టి చేశారు. చైతన్యకృష్ణ వచ్చి, జయకుమారి ముందు చేతులు కట్టుకుని నిలబడి వెళ్లాడు.

గురువారం సాయంత్రం కోటిరత్నం పత్తి తీస్తూ రెండు మూడుసార్లు డొంక వైపు చూసింది. మాటిచ్చి రాని మనిషి కాదే, మళ్లీ పంచరు పడిందేమో అనుకుంది. శుక్రవారం కూడా చూసింది. శనివారం సంతకు పోతూ అడ్డరోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే ఖుర్షిదా పీట మీంచి లేచి వచ్చి చెప్పింది. కోటిరత్నం బస్సెక్కలేదు. తిరిగి చేనుకు నడిచింది.

సోమవారం మిరప కోతకు కూలీలు వచ్చారు. పన్నెండు మందికి పదకొండు గంపలున్నాయి. గట్టు మీద ఒకటి ఉందిగా అని ఎవరో దాన్ని తీయబోతే వద్దని, ఊళ్లోకి పోయి పక్కింటి వాళ్లది అడిగి తెచ్చింది. బీడు వైపు గట్టు మీద ఆ గంప బోర్లించే ఉంది. మనిషి కూర్చున్నంత మేర దాని అడుగు వెదురు కాస్త లోపలికి కుంగి, ఆ గుంటలో రాత్రి కురిసిన మంచు ఇంకా ఆరలేదు.